తాళంచెవి ఒకరిది, సైరన్ మరొకరిది

దేశం లోపల సాగిన సాయుధ పోరాటం ఒప్పందంతో ఆగాక, ఇరుపక్షాలూ మాట మీద నిలబడుతున్నాయో లేదో చూడటానికి బయటి దేశాల నుంచి పరిశీలకులు వస్తారు. ఇండోనేసియాలోని ఆచేకు, నేపాల్‌కు, ఫిలిప్పీన్స్‌లోని మిందనావోకు, కొలంబియాకు అలాగే వచ్చారు. వాళ్లు రోజంతా చేసే పని ఏమిటో, అది ఎక్కడ బెడిసికొడుతుందో చేసి తెలుసుకోవాలని విశాఖపట్నంలో మేం మూడు రోజుల అభ్యాసం పెట్టుకున్నాం. పాల్గొన్నవాళ్లు 29 మంది. లా, రాజనీతిశాస్త్రం చదివే పిల్లలు, ఇద్దరు విలేకరులు, పాడేరు, చింతపల్లి వైపు ఊళ్లలో పనిచేసేవాళ్లు కొందరు. నడిపించింది నలుగురం: కాలేజీలో పాఠాలు చెప్పే మాస్టారు, ఒక న్యాయవాది, నేవీ ఆయుధాగారంలో చీఫ్ పెటీ ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దాయన (అందరికీ ఆయన చీఫ్ గారే), ఒప్పంద పాఠాలను తెలుగు చేసిన నేను.

తుపాకులు ప్లైవుడ్‌వి, పీవీసీ పైపులవి. వాటిని 75 చేయించాం, పేర్లు 145 రాసుకున్నాం. ఈ అంకెలు మేం కల్పించుకున్నవి కావు. 2015 జూన్ 16న మిందనావోలో తిరుగుబాటు సంస్థ మోరో ఇస్లామిక్ విమోచన ఫ్రంట్ మొదటి విడతగా 145 మందినీ 75 ఆయుధాలనూ స్వతంత్ర సంస్థ ముందుకు తెచ్చింది. ఒక్కొక్కరికీ ఐదేసి పేర్ల చీటీలు ఇస్తే 29 మందికి 145 సరిగ్గా సరిపోయాయి. వంతులవారీగా కొందరు పరిశీలకుల బల్ల దగ్గర కూర్చునేవారు, వాళ్ల చీటీలు పక్కవాళ్లు మోసేవారు.

మొదటి పూట ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర గదిలో కూర్చుని ఒప్పందాలను ముక్కలు చేశాం. ఇది విసుగు పుట్టించే పని. అయినా తర్వాతి రెండు రోజుల పనంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి తొందరపడలేదు. ప్రతి వాక్యాన్నీ ఐదు గడుల్లో పెట్టాలి: ఎవరు చేయాలి, ఏమి చేయాలి, ఎంత, ఎప్పటిలోగా, చేశారని చూసి చెప్పేది ఎవరు. కొలంబియా ఒప్పందాన్ని అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రాక్ సంస్థ ఇలాగే విడగొట్టి 578 హామీలు తేల్చింది. ఒక్కోదానికీ మొదలవలేదు, కొద్దిగా జరిగింది, సగంలో ఉంది, పూర్తయింది అని నాలుగు మెట్లు పెట్టుకుంది. ఆ లెక్క చూడమని ఆ సంస్థకు బాధ్యత అప్పగించింది ఒప్పందమే. బయటి సంస్థ తనంతట తాను వచ్చి తీర్పు చెప్పడం వేరు, సంతకాలు పెట్టినవాళ్లే పిలిచి చూడమనడం వేరు.

ఐదు గడులూ నిండిన వాక్యం ఎలా ఉంటుందో చూడాలంటే 2005 ఆగస్టు 15 నాటి హెల్సింకీ ఒప్పందం తెరవాలి. తిరుగుబాటు పక్షమైన స్వేచ్ఛా ఆచే ఉద్యమం 840 ఆయుధాలు అప్పగించాలి. సెప్టెంబరు 15న మొదలుపెట్టి నాలుగు విడతల్లో డిసెంబరు 31కి ముగించాలి. చూసేది ఆచే పర్యవేక్షక మిషన్. అదే కాలంలో ఇండోనేసియా బలగాలు వెనక్కి వెళ్లాలి, ఆచేలో మిగిలే సైనికులు 14,700, పోలీసులు 9,100 దాటకూడదు. అలాంటి వాక్యం చేతిలో ఉంటే పరిశీలకుడికి లెక్క చూడటమే పని. అదే ఒప్పందంలో ఆచేకు మానవ హక్కుల న్యాయస్థానం ఏర్పాటవుతుందని ఇంకో వాక్యం ఉంది. దానికి తేదీ లేదు. నాలుగో గడి ఖాళీ.

నేపాల్ పాఠం ఇంకా ఆలోచింపజేసింది. ప్రభుత్వం, మావోయిస్టులు రాసుకున్న 2006 నవంబరు 21 నాటి సమగ్ర శాంతి ఒప్పందంలో, అదృశ్యమైనవాళ్ల, చనిపోయినవాళ్ల వివరాలను 60 రోజుల్లోగా ఇరుపక్షాలూ బయటపెట్టాలని ఉంది. ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా అన్నీ ఉన్నాయి. కానీ ఆ గడువు మీద కూర్చుని రోజులు లెక్కపెట్టే బాధ్యత ఎవరికీ పడలేదు. 2007 జనవరి 23న భద్రతా మండలి 1740వ తీర్మానంతో పుట్టిన ఐక్యరాజ్య సమితి మిషన్‌కు అప్పగించింది ప్రధానంగా ఆయుధాలు, సేనలు, ఎన్నికల పని. అదృశ్యమైనవాళ్ల కోసం కమిషన్ ఏర్పడేసరికి 2015 వచ్చింది. ఆ వాక్యం మా బల్ల మీదికి వచ్చినప్పుడు చింతపల్లి నుంచి వచ్చిన అమ్మాయి ఒక్కటే అడిగింది: "అరవై రోజులని రాసినప్పుడు, అరవై ఒకటో రోజున ఎవరు ఎవరిని అడగాలో కూడా రాయాలి కదండీ?" ఆ తర్వాత ఐదో గడిని రెండుగా చీల్చాం: చూసేది ఎవరు, గడువు దాటిన మర్నాడు అడిగేది ఎవరు.

"తగిన చర్యలు", "వీలైనంత త్వరగా", "అవసరమైన మేరకు" లాంటి మాటలు వచ్చినచోటల్లా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాం. సంధి కుదరాలంటే చర్చల గదిలో ఇలాంటి మాటలు తప్పవని మాస్టారు అంటారు. నిజమే. కానీ వాటిని తర్వాత మరో పత్రంలో విప్పాలి. నేపాల్‌లో విప్పారు. నవంబరు ఒప్పందం తర్వాత డిసెంబరులో ఆయుధాలు, సేనల నిర్వహణ మీద వేరే ఒప్పందం రాసుకున్నారు. శిబిరాలు ఎన్ని, ఆయుధాలు పెట్టే కంటైనర్లకు తాళం ఎలా, గస్తీకి ఎన్ని తుపాకులు ఉంచుకోవచ్చు అన్నవి అందులోకి వెళ్లాయి. చాలాచోట్ల ఈ రెండో పత్రం రాయకపోవడమే దెబ్బ.

మాటల దగ్గరే ఇంకో చిక్కు ఎదురైంది. అది తెలుగుకు సంబంధించినది. మన పత్రికల్లో ఆయుధం వదిలినవాడికి ఉన్న మాట ఒక్కటే: లొంగుబాటు. నలభై యాభై ఏళ్లుగా మన్యం వార్తలు చదివిన ఏ విశాఖవాసి నోటికైనా అదే వస్తుంది. కానీ నేను తెలుగు చేసిన ఏ ఒప్పందంలోనూ ఆ అర్థం లేదు. కొలంబియాలో తిరుగుబాటు సంస్థ ఫార్క్ పట్టుబట్టి రాయించుకున్న మాటకు అర్థం ఆయుధాలను విడిచిపెట్టడం, అప్పగించడం కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో వాడకానికి పనికిరాకుండా చేయడం అన్నారు. నేపాల్‌లో అయితే నిర్వహణ, పర్యవేక్షణ అన్నారు. ఫారంలో లొంగుబాటు అని ఒక్కచోట రాసినా ఒక పక్షం బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోతుంది. అభ్యాసంలో మొదటి రోజే అలా జరిగింది. రిజిస్టరు పైన ఎవరో అలవాటుగా "లొంగిపోయినవారి జాబితా" అని రాశారు. తిరుగుబాటు పక్షం పాత్రలో ఉన్న కుర్రాళ్లు సంతకం పెట్టం అన్నారు. వాళ్లు చేసింది సరైన పని. "నమోదు జాబితా" అని మార్చాక గానీ కదలలేదు. పేజీ చింపేయకుండా పాత శీర్షికను ఒక గీతతో కొట్టి, పక్కన ఇద్దరి పొట్టి సంతకాలు తీసుకున్నాం. రిజిస్టర్లో పేజీ మాయమైతే రేపు అదే పెద్ద తగాదా అవుతుంది.

నమోదు ఇలా సాగింది. ముందు 200 లీటర్ల డ్రమ్ము నిండా ఇసుక. వచ్చినవాడు గొట్టం అందులోకి వంచి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ వెనక్కి లాగి చూపించాలి. అది చూశాకే తుపాకీ బల్ల మీదికి వస్తుంది. బొమ్మే కదా అని వదిలేస్తామేమోనని చీఫ్ గారు ప్రతిసారీ చేయించారు. బల్ల దగ్గర ముగ్గురు: ఒకరు నంబరు చదువుతారు, రెండోవారు రాస్తారు, మూడోవారు రాసినదాన్ని తిరిగి చదువుతారు. రకం, కొలత, తయారీ గుర్తు, నంబరు, స్థితి, తెచ్చినవారి నమోదు సంఖ్య, రెండు ఫోటోలు. నంబరు కనిపించేలా దగ్గరి ఫోటో ఒకటి, మొత్తం కనిపించేలా ఇంకోటి. మొదటి పది ఆయుధాలకు ఒక్కోదానికి 9 నిమిషాలు పట్టింది. చేయి తిరిగాక 4 నిమిషాలకు వచ్చింది. ఆ వేగంలో కూడా ఒక్క బల్లతో 75 ఆయుధాలకు 5 గంటలు. రోజుకు ఎన్ని విడతలు పిలవాలో, ఎంతమందికి నీడ, మంచినీళ్లు, భోజనం చూడాలో ఈ లెక్కతోనే తేలాలి. పిలిచినవాళ్లను ఎండలో మూడు గంటలు నిలబెడితే క్యూలోనే గొడవ మొదలవుతుంది.

తప్పులు ఎక్కువగా నంబర్ల దగ్గరే. సున్నాకూ ఇంగ్లిష్ 'O' అక్షరానికీ, ఒకటికీ 'I' అక్షరానికీ, చెరిగిన 3కూ 8కీ తేడా తెలియలేదు. బోల్టు మీద ఒక నంబరు, బాడీ మీద ఇంకో నంబరు ఉన్న తుపాకులు నిజంగానే చాలా ఉంటాయని చీఫ్ గారు కావాలనే అలాంటివి నాలుగు చేయించారు. రెండూ రాయాలి, బాడీ నంబరే ప్రధానం. నంబరు గీకేసినవాటికీ, ఊళ్లో కమ్మరి కొలిమిలో చేసిన నాటు తుపాకులకీ మన ట్యాగే నంబరు. మొదట అట్ట ట్యాగులు ఇనుప తీగతో కట్టాం. సాయంత్రానికి సముద్రపు గాలికి తీగ మెడ దగ్గర తుప్పు రంగు దిగింది, చెమట చేతులు తగిలి సిరా అలికిపోయింది. 31వ నంబరు ట్యాగు మీద 3 మాత్రమే మిగిలింది. మర్నాడు ప్లాస్టిక్ ట్యాగులు, నంబరు వేడితో అచ్చు గుద్దినవి, నైలాన్ పట్టీతో కట్టాం.

ఏది ఆయుధం అన్నది కూడా ముందే రాసిపెట్టుకోవాలి. ఆచేలో అప్పగించినవి 1,018, మిషన్ ఒప్పుకున్నవి 840, తిరస్కరించినవి 178. ఒప్పుకున్నవాటిలోనూ 71 మీద ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. నాటు తుపాకీని లెక్కలో వేయాలా వద్దా అన్న ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. ఇంకో సరిచూపు, మనిషికి ఎన్ని ఆయుధాలు అన్న నిష్పత్తి. మిందనావో ప్రణాళికలో 40,000 మందికి 7,200 ఆయుధాలు, అంటే ఐదున్నర మందికి ఒకటి. ఆచేలో 3,000 మందికి 840. నేపాల్‌లో మొదట పేరు రాయించుకున్న 32,250 మందికి 3,475, అంటే తొమ్మిది మందికి ఒకటి. కొలంబియాలో శిబిరాలకు వచ్చింది సుమారు 7,000 మంది, సమితి లెక్కకెక్కిన ఆయుధాలు 8,994. నిష్పత్తి చూసి ఎవరూ అబద్ధమాడారని తేల్చలేం. అయితే జాబితాలో మనుషులు పెరిగారా, ఆయుధాలు ఎక్కడైనా ఆగాయా అన్న ప్రశ్న ఏ పక్షాన్ని గట్టిగా అడగాలో తెలుస్తుంది.

మనుషుల నమోదు ఆయుధాలకంటే బరువైన పని. నేపాల్‌లో 2006 మే 25 గీత గీశారు. ఆ రోజుకు 18 నిండనివాళ్లు, ఆ రోజు తర్వాత చేరినవాళ్లు మావోయిస్టు సేన శిబిరాల్లో ఉండటానికి అర్హులు కారు. రెండో విడత ఇంటర్వ్యూల తర్వాత తేలిన అర్హులు 19,602. వాళ్లలో మహిళలు 3,846. అర్హత లేనివాళ్లు 4,008. వాళ్లలో 2,973 మంది మైనర్లు, 1,035 మంది ఆలస్యంగా చేరినవాళ్లు. మిగిలిన 8,640 మంది ఇంటర్వ్యూకే రాలేదు. ఈ పరిశీలన 2007 చివరికి ముగిసింది. మైనర్లుగా తేలిన ఆ పిల్లలు శిబిరాలు దాటి ఇంటికి వెళ్లింది మాత్రం 2010 జనవరి, ఫిబ్రవరిల్లో. రెండేళ్లకు పైగా వాళ్లు ఎక్కడ ఉండకూడదో అక్కడే ఉండిపోయారు. పేరు పక్కన టిక్కు పెట్టగానే పని అయిపోయిందనుకునే ప్రతి పరిశీలకుడూ ఈ రెండు తేదీలనూ గుర్తుపెట్టుకోవాలి.

కాగితాలు లేనివాడి వయసు ఎలా తేల్చాలి? పుట్టిన తేదీ అడిగితే కంఠతా వచ్చిన తేదీ చెబుతాడు. అందుకే ఊరంతటికీ తెలిసిన సంఘటనల పట్టిక ముందే తయారుచేసుకోవాలి. మాకు హుద్‌హుద్ తుఫాను కంటే మంచి గీటురాయి దొరకలేదు. 2014 అక్టోబరు 12. ఆ రోజు ఎక్కడున్నాడో ఉత్తరాంధ్రలో ప్రతివాడికీ తెలుసు. అభ్యాసంలో గీతను 2024 మే 25 అనుకున్నాం, అంటే 2006 మే 25 తర్వాత పుట్టినవాళ్లు మైనర్లు. తుఫాను నాటికి ఏ తరగతి, టీచరు పేరేమిటి, అన్నో చెల్లో ఏ తరగతి, ఇంటి పైకప్పు ఎగిరిందా, బడి ఎన్నాళ్లకు తెరిచారు. గీత మూడు నాలుగు తరగతుల మధ్య పడుతుంది. బడిలో ఆలస్యంగా వేసిన పిల్లలు మన్యంలో చాలామంది కాబట్టి తరగతి ఒక్కటే చూసి తేల్చకూడదు. తోబుట్టువుల వరుస కూడా కలవాలి. మా దగ్గర ఒక్కో ఇంటర్వ్యూకు 12 నిమిషాలు పట్టింది. అనుమానం మిగిలితే ఇంకొకరు, ఇంకో గదిలో, మొదటి ఫారం చూడకుండా మళ్లీ అడగాలి. అప్పటికీ తేలకపోతే మైనరుగానే పరిగణించాలని మేం నియమం పెట్టుకున్నాం. పెద్దవాణ్ణి పొరపాటున ఇంటికి పంపితే అతను అప్పీలు చేసుకోగలడు, శిబిరంలో మిగిలిపోయిన పిల్లవాడికి ఆ దారి ఉండదు.

రెండో రోజు పొద్దున గాజువాక వైపు ఒక కంటైనర్ యార్డుకు వెళ్లాం. ఓడరేవు ఊళ్లో ఉండి కంటైనర్ తలుపు ఎలా పనిచేస్తుందో ఎప్పుడూ చూడకపోవడం మాలో చాలామంది సంగతి. నేపాల్‌లో ఏడు ప్రధాన శిబిరాలు, వాటి చుట్టూ 21 ఉపశిబిరాలు. చుళాచులి, దుధౌలి, శక్తిఖోర్, ఝ్యాల్తుంగ్‌డాండా, దాహబన్, దశరథ్‌పుర్, మసురియా. ఏడు చోట్లా మావోయిస్టు సేన ఆయుధాలు కంటైనర్లలోకి వెళ్లాయి. తాళం ఒక్కటే. చెవి ఆ సేన కమాండర్ దగ్గరే. సమితి పరిశీలకులకు ఉన్నవి సైరన్, రికార్డు చేసే పరికరం, రాత్రంతా దీపాలు, కాపలా. తలుపు తెరిచి చూడాలంటే ఆ పక్షంవాళ్లు ఎదురుగా ఉండాలి. కాట్మండులోని ఛావునీ బ్యారక్స్‌లో నేపాల్ సైన్యం కూడా సమాన సంఖ్యలో ఆయుధాలను ఇదే పద్ధతిలో పెట్టింది.

మొదట వినగానే పిల్లలు ఒప్పుకోలేదు. చెవి వాళ్ల దగ్గరే ఉంటే పర్యవేక్షణ ఏమిటి అన్నారు. ఇందులోని పనితనం తాళంలో లేదు, చప్పుడులో ఉంది. తెరవాలనుకున్నవాడు తెరవగలడు. ఎవరికీ తెలియకుండా మాత్రం తెరవలేడు. తెరిచిన మరుక్షణం అది ఒప్పంద ఉల్లంఘన అని కాట్మండుకీ న్యూయార్క్‌కీ తెలిసిపోతుంది. ఆయుధం తన తాళం కిందే ఉంది కాబట్టి అది లొంగుబాటూ కాదు. ఓడిపోని రెండు సేనల మధ్య ఇంతకంటే ఎక్కువ అడిగితే ఒప్పందమే కుదరదు. పదేళ్లు అడవిలో ఉన్నవాడు మొదటి రోజే చెవి బయటివాడి చేతిలో పెట్టడు.

చప్పుడు మీద ఆధారపడే ఏర్పాటులో చప్పుడు వచ్చే వస్తువే బలహీనమైతే? యార్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఒకాయన తలుపు ముందు నిలబెట్టి చూపించారు. 20 అడుగుల కంటైనర్, రెండు తలుపులు, ఒక్కో తలుపుకు రెండు నిలువు రాడ్లు, హ్యాండిల్‌కు బోల్టు సీలు. సీలు మీద నంబరు, గట్టి ఉక్కు, కత్తిరించాలంటే పెద్ద కట్టరు కావాలి. మేమంతా సీలునే చూస్తున్నాం. ఆయన మాత్రం హ్యాండిల్ మొదట్లో ఉన్న రివిట్టు మీద వేలు పెట్టారు. "సీలు జోలికి ఎవడెళ్తాడండి బాబూ. ఈ రివిట్టు డ్రిల్లేస్తే హ్యాండిలే వచ్చేస్తాది. సీలు ఎలాగున్నది అలాగే ఉంటాది. పని అయ్యాక బోల్టేసి పెయింటు పూసేస్తే మీకేం తెలుస్తాది?"

ఆ వేలు పెట్టిన చోటు అందరూ వంగి చూశారు. పాత పెయింటు కింద రివిట్టు గుండ్రటి తల, చుట్టూ సన్నటి తుప్పు వలయం. ఆ వలయం చెదరకుండా ఉందా, రివిట్టు ఉండాల్సిన చోట ఆరు పలకల బోల్టు తల ఉందా, ఒకచోట పెయింటు మిగతావాటికంటే కొత్తగా ఉందా అన్నదే చూడాలి. అప్పటి నుంచి మా తనిఖీ పద్ధతి మారింది. సీలు నంబరు చదవాలి, రిజిస్టరుతో సరిచూడాలి, గట్టిగా కిందికి లాగాలి, తిప్పి చూడాలి. ఆ తర్వాత రెండు హ్యాండిళ్ల రివిట్లు, తలుపు బందులు. వీటితోపాటు మధ్యలోని రెండు నిలువు రాడ్లనూ కలిపి కేబుల్ సీలు వేయాలి. అప్పుడు హ్యాండిల్ ఊడినా రాడ్లు తిరగవు. రోజూ ఒకే కోణం నుంచి ఒక ఫోటో. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూస్తే కన్ను పట్టేస్తుంది.

కంటైనర్ లోపల ఇంకో బాధ ఉంది. పగలు వేడి, రాత్రి చల్లబడగానే పైకప్పు లోపలి వైపు నీటి చుక్కలు. యార్డులో దీన్ని కంటైనర్ చెమట అంటారు. ఇనుముకు అది చేటు. అందుకే తుడవడానికి, నూనె పెట్టడానికి తలుపు తెరవాల్సి వస్తుంది. ఎన్ని రోజులకోసారి, ఎంతమంది లోపలికి వెళ్తారు, ఎవరు నిలబడి లెక్కపెడతారు అన్నది ముందే రాసి ఉంటే అది మామూలు పని. రాయకపోతే తెరిచిన ప్రతిసారీ తగవే.

సైరన్ కూడా మాకు పాఠం చెప్పింది. తలుపుకు అయస్కాంతపు స్విచ్చు, మామూలు కరెంటు మీద నడిచే సైరన్ పెట్టాం. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మోగింది. మూడోసారి మోగేసరికి బల్ల దగ్గర ఒక్కరూ తలెత్తలేదు. ఆ మూడోసారే చీఫ్ గారు వెనక నుంచి నిజంగా తలుపు తెరిపించి రెండు తుపాకులు తీయించారు. సాయంత్రం లెక్కలో 73 వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. 12 వోల్టుల బ్యాటరీ పెట్టడం ఒక మందు. అంతకంటే ముఖ్యమైనది, మోగిన ప్రతిసారీ లేచి వెళ్లి, సీలు చూసి, కారణం రాసి సంతకం పెట్టడం. నలభైసార్లు గాలికి మోగినా నలభై వరుసలు రాయాలి.

మూడో రోజు ఫిర్యాదులు. ఇక్కడ తెలుగే మాకు సాయపడింది, తెలుగే మమ్మల్ని ముంచింది కూడా. ఒక ఊరికి ఆయుధాలతో మనుషులు వచ్చారని ఫిర్యాదు. ఇద్దరిద్దరు పరిశీలకులు, ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరు కలిసి వెళ్లి రాసుకురావాలి. వచ్చిన మొదటి నివేదిక: "రాత్రి వచ్చారు. బెదిరించారు. ఒకణ్ణి తీసుకెళ్లారు." తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నిలబడుతుంది. మాట్లాడుకునేటప్పుడు అది మన భాష సొగసు. పర్యవేక్షణ నివేదికలో అది పెద్ద లోపం. ఎవరు వచ్చారు? యూనిఫారం ఏది? ఎంతమంది? చెప్పినవాడు చూశాడా? కర్త లేని క్రియ రాయకూడదని నియమం పెట్టాం. కర్త తెలియకపోతే "ఎవరో తెలియదు" అని రాయాలి తప్ప వదిలేయకూడదు.

సాయం చేసింది "ట". వచ్చారట, తీసుకెళ్లారట. విన్నదాన్ని చూసినదాని నుంచి వేరుచేయడానికి మన అమ్మమ్మలు రోజూ వాడే ఆ ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో అప్పుడు అర్థమైంది. చదువుకున్నవాళ్లం రాతలోకి రాగానే "ట"ని పల్లెటూరి మాట అని తీసేస్తాం. తీసేయగానే విన్నది చూసినదైపోతుంది. మా ఫారంలో మూడు గడులు పెట్టాం: కళ్లతో చూసింది, ఇతరులు చెప్పింది, మేం అనుకుంటున్నది. సాక్షి నోటి నుంచి "ట"తో వచ్చిన ప్రతి వాక్యం "ట"తోనే రెండో గడిలోకి వెళ్లాలి. నాలుగు నివేదికలను ఇలా తిరగరాయిస్తే, ఒకదానిలో మొదటి గడిలో మిగిలింది ఇంతే: మూడు కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి, వాకిట్లో రెండు తూటా గొట్టాలు ఉన్నాయి. రుజువు చేయగలిగింది అంతే. ఆ తర్వాత ఇది ఒప్పందంలో ఏ వాక్యానికి విరుద్ధమో చూపాలి. వాక్యం చూపలేకపోతే అది సంఘటన మాత్రమే, ఉల్లంఘన అనకూడదు.

2004 గురించి మాట్లాడుకోకుండా ఈ భాగం దాటలేకపోయాం. అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్ పార్టీలకూ మధ్య జరిగిన చర్చలు చాలామందికి ఆశ పుట్టించాయి. ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దలు ఏళ్ల తరబడి అందుకోసం తిరిగారు. 2005 జనవరికి అంతా తెగిపోయింది. ఆయుధాలు పట్టుకుని ఊళ్లలో తిరగవచ్చా అన్న ఒక్క విషయం మీదే వాదన మళ్లీ మళ్లీ రాజుకుంది. ఎవరు మాట తప్పారో ఇరుపక్షాలూ పత్రికల్లో చెప్పుకున్నాయి. ఇద్దరూ ఒప్పుకున్న రిజిస్టరు పట్టుకుని ఊరికి వెళ్లి చూసి వచ్చేవాళ్లు లేరు. పాడేరు నుంచి వచ్చినవాళ్లు ఈ మాట అన్నప్పుడు గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రిజిస్టరు ఉన్నంత మాత్రాన సరిపోతుందా అంటే శ్రీలంకను చూడాలి. 2002 ఫిబ్రవరి 22 కాల్పుల విరమణ తర్వాత నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్‌లాండ్, ఐస్‌లాండ్ పరిశీలకులు వచ్చారు. విచారించి తేల్చడం వరకే వాళ్ల పని. 2007 ఏప్రిల్ చివరికి ఎల్టీటీఈ మీద 3,830, ప్రభుత్వం మీద 351 ఉల్లంఘనలు తేల్చారు. తేలాక ఏమవుతుందో ఒప్పందంలో లేదు. 2006లో యూరోపియన్ యూనియన్ ఎల్టీటీఈని నిషేధిత జాబితాలో పెట్టగానే, ఆ యూనియన్ దేశాల పరిశీలకులు వెళ్లిపోవాలని ఎల్టీటీఈ పట్టుబట్టింది. నార్వే, ఐస్‌లాండ్ మిగిలాయి. 2008 జనవరిలో మిషన్ ముగిసింది. పరిశీలకులను ఏ దేశాల నుంచి తేవాలన్నది మర్యాదకు సంబంధించిన విషయం కాదు. ఆ దేశం రేపు ఏ జాబితా మీద సంతకం పెడుతుందో కూడా చూసుకోవాలి.

ఆచేలో దీనికి దారి వేశారు. వివాదం వస్తే ముందు మాట్లాడతారు, తేలకపోతే మిషన్ అధిపతి తీర్పు ఇరుపక్షాలకూ శిరోధార్యం. నేపాల్‌లో తొమ్మిది మంది సంయుక్త కమిటీ, సమితి నుంచి అధ్యక్షుడు, ఇరు సేనల నుంచి చెరో ఉపాధ్యక్షుడు, ఆరుగురు సభ్యులు. అదే నమూనాలో మేం కమిటీ నడిపాం. మినిట్స్ రాసేటప్పుడు మాస్టారు ఒక చిన్న కిటుకు చెప్పారు: ఒక పక్షం చెప్పినదంతా "మేం" అని, అందరూ ఒప్పుకున్నది మాత్రమే "మనం" అని రాయమన్నారు. రెండు గంటల సమావేశంలో "మనం" వాక్యాలు నాలుగు వచ్చాయి. ఏవి తేలాయో, ఏవి మిగిలాయో మరో కాగితం అక్కర్లేకుండా కనిపించింది.

ఆఖరి పూట మిషన్ వెళ్లిపోవడం. దీనికి ఎవరూ సిద్ధపడి రారు. 2011 జనవరి 15న సమితి మిషన్ నేపాల్ విడిచినప్పుడు శిబిరాల్లో మనుషులు ఇంకా ఉన్నారు, కంటైనర్లలో ఆయుధాలూ ఉన్నాయి. పర్యవేక్షణ పార్టీల ప్రత్యేక కమిటీ చేతికి వెళ్లింది. ఆ నవంబరు 1న కుదిరిన ఏడు అంశాల అంగీకారంతో, 6,500 మంది వరకు సైన్యంలోకి, మిగిలినవాళ్లకు నగదు లేదా పునరావాసం అని దారి తెరుచుకుంది. శిబిరాలను సైన్యం తన చేతిలోకి తీసుకుంది 2012 ఏప్రిల్ 10న.

అభ్యాసంలోనూ అదే వరుస. పరిశీలకుల పాత్రలో ఉన్నవాళ్లు సాయంత్రం నాలుగింటికి లేచి వెళ్లిపోవాలి. అంతకుముందు అప్పగించాల్సినవి బల్ల మీద పరిచారు: ఆయుధాల రిజిస్టరు, 145 మంది ఫారాలు, సైరన్ పుస్తకం, వాడని సీళ్లు, వాడిన సీళ్ల ముక్కలు. ఒక ప్రతి ఈ పక్షానికి, ఒకటి ఆ పక్షానికి. మూడోది ఎవరికి అన్న దగ్గర నలభై నిమిషాలు గడిచాయి. ఆ ఫారాల్లో వయసు తేలని ఆరుగురు పిల్లల పేర్లు, తోబుట్టువుల పేర్లు, ఊరి పేర్లు ఉన్నాయి. చింతపల్లి అమ్మాయి ఆ ఆరు ఫారాలనూ కట్ట నుంచి తీసి విడిగా కవరులో పెట్టింది. అవి ఏ పక్షానికీ ఇవ్వకూడదంది. మూడు ప్రతుల రిజిస్టర్లలో ఆ ఆరు వరుసల్లో పేర్ల మీద అంటించడానికి నల్ల కాగితం కత్తిరిస్తుండగా నాలుగు దాటింది.